మధ్య అర్రలో నల్లబండ

ఇల్లు చూడడానికి వెళ్ళిన ఆడవాళ్ళు ముందు వంటగది చూస్తారంటారు. నేను కప్పు చూస్తాను. ఎవరింటికి వెళ్ళినా అంతే. చేతిలో చాయ్ ఉంటుంది, కళ్ళు మాత్రం పైన ఉంటాయి. ఏ దూలానికి చెదలు పట్టింది, ఏ మూల తడి దిగింది, నేను కూర్చున్న కుర్చీ మీద ఏం పడొచ్చు, ఇవన్నీ చూసుకున్నాకే చాయ్ గొంతు దిగుతుంది. నాకు భయం ఎక్కువ. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకొని కాలం గడుపుతున్నాను.

ఈ భయం మా బాపు ఆస్తి. ఆయన నాకు రాసిచ్చింది అదొక్కటే. పొలం లేదు, ఊళ్ళో ఉన్న గుడిసె జాగా ఎప్పుడో పోయింది. కూలి చేసి నన్ను చదివించాడు, నేను సర్కారు బడిలో చిన్న తరగతులకు టీచర్‌నయ్యాను. కాగితాల మీద మహబూబ్‌నగర్ అని రాసి, నోటితో పాలమూరు అని పిలుచుకునే మా పట్నంలో కిరాయి ఇళ్ళు మారుతూ బతికాం. మా ఆయన బెంగుళూరు రోడ్డు మీద లారీ నడుపుతాడు. నెలలో ఎక్కువ రోజులు ఆయన ముఖం ఫోన్లోనే. ఇంట్లో ఉండేది నేను, మా అమ్మాయి, బాపు.

బాపుకు ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరు కంటికి కనబడకపోయినా సరే, "ఉన్నవా?" అని కేక వేసేవాడు. స్నానానికి వెళ్తే తలుపు అవతలి నుంచి "ఉన్నవా?" బియ్యం తేవడానికి లోపలికి వెళ్తే "ఉన్నవా?" ఊఁ అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఉన్న" అని నోరు తెరిచి చెప్పాల్సిందే. చెప్పేదాకా అడుగుతూనే ఉంటాడు. అమ్మ బతికున్నప్పుడు "ఉన్న, యాడికి పోత!" అని గిన్నెలు ఎత్తి పడేసేది. నేను బడిలో పిల్లలకు హాజరు వేసి ఇంటికి వస్తే, ఇంట్లో నాకు హాజరు వేయడానికి బాపు సిద్ధంగా ఉండేవాడు. చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. పెళ్ళయి, బిడ్డను కన్న తరువాత కూడా స్నానాల గదిలోంచి "ఉన్న బాపూ" అని అరవాల్సి రావడం మాత్రం నాకు ఒళ్ళు మంటగా ఉండేది. ఎందుకు అడుగుతావని ఎన్నిసార్లు అడిగినా "ఊకనే" అనేవాడు.

తెలంగాణ వచ్చిన తరువాత మా పట్నంలో కిరాయిలు, ఇళ్ళ ధరలు రెండూ చెట్టెక్కి కూర్చున్నాయి. అప్పుడు మేమున్న ఇంటాయన, పైన అంతస్తు వేసుకుంటున్నాం, ఖాళీ చేయండి అన్నాడు. మళ్ళీ ఇల్లు వెతుక్కోవాలంటే నాకు భయం. వెతకడం కష్టమని కాదు. గదులన్నీ చూపించి, నల్లా తిప్పి నీళ్ళు చూపించి, అన్నీ అయ్యాక తలుపు దగ్గర అడిగే ఆ ఒక్క మాట కోసం. "ఇంతకు మీరెవలు మేడం?" చెప్పగానే వాళ్ళ మేనమామకో మరదలికో ఆ ఇల్లు ముందే మాట ఇచ్చినట్టు గుర్తుకొస్తుంది. ఇచ్చినవాళ్ళు కూడా, ఆదివారం ప్రార్థన పాటలు జర మెల్లగ పాడుకోండి అని షరతు పెడతారు. మా అమ్మాయికి ఆ ప్రశ్న అర్థమయ్యే వయసు వచ్చింది. ఇంకొక తలుపు దగ్గర దాన్ని పక్కన పెట్టుకొని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా వల్ల కాదనిపించింది. ఎంత చిన్నదైనా, ఎంత పాతదైనా, సొంత తలుపు కావాలి.

బ్రోకర్ ఒకాయన పాత బజారు వెనక సందులో ఒక ఇల్లుందని చెప్పాడు. ధర చెప్పాడు. విని నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. పట్నం నడిబొడ్డున, బస్టాండుకూ బడికీ నడిచి పోయే దూరంలో, అంత తక్కువకు ఎవరిస్తారు? ఏదో ఉండి ఉంటుంది.

"పాతిల్లు మేడం, గంతే. లోపల ఏం లేదు," అన్నాడాయన.

లోపల ఏం లేదని ఎవరైనా చెప్తే నాకు ఇంకా భయం.

మొదటిసారి ఒక్కదాన్నే వెళ్ళాను. కావాలనే వాన పడుతున్న రోజు వెళ్ళాను. ఇంటి గుట్టు వానలోనే బయటపడుతుంది. స్కూటీ కూడా సరిగ్గా తిరగని సందు. ఒకప్పుడు ఊళ్ళల్లో భూములున్న ఒక పెద్ద రైతు కుటుంబం పట్నంలో కట్టుకున్న ఇల్లట అది. అన్నదమ్ములు పంచుకోగా, ముందు భాగాలు దుకాణాలైపోయి, వెనక మూల ఈ ముక్క మిగిలింది. ముందు చిన్న వాకిలి, వసారాలాంటి సాయమాను, ఆపైన ఒకదాని వెనక ఒకటిగా మూడు అర్రలు, తలుపులన్నీ ఒకే వరుసలో. మట్టితో కట్టిన రాతి గోడలు, పైన సున్నం. టేకు దూలాల మీద బెంగుళూరు పెంకు. ఇంటామె ముసలావిడ, భర్త పోయి చాలాకాలమైంది. కొత్తకోటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలని అమ్ముతోంది.

"మెల్లగ చూస్కో బిడ్డా. తొందరేం లేదు," అని పీట వేసింది.

నేను మెల్లగా చూశాను. గోడను వేలితో నొక్కితే సున్నం రాలింది గానీ లోపలి మట్టి గట్టిగానే ఉంది. ఒక గోడ మధ్యలో కడుపు వచ్చినట్టు ఉబ్బి ఉంది. తల్లోంచి పిన్నీసు తీసి, అందిన దూలం కొసలో గుచ్చి చూశాను. దిగలేదు. వెనక అర్రలో ఒక మూల మాత్రం చుక్క చుక్క కారుతోంది, కింద ఇత్తడి గిన్నె పెట్టి ఉంది. మోరి నిండి వాకిట్లోకి రావడం లేదు. మధ్య అర్రలో కిటికీ లేదు, పట్టపగలే బల్బు వేసి ఉంది. అక్కడ నడుమ ముసలావిడ నవారు మంచం, దాని కింద గోనె పట్టాలు. ఆ అర్రలోకి అడుగు పెట్టగానే ఏదో వాసన. చెడ్డ వాసన కాదు. మగ్గిన గింజల వాసన. చిన్నప్పుడు మా ఇంట్లో కొన్ని రోజులు రొట్టెలు ఆ వాసన వేసేవి, బాపు ఆ రొట్టె తినేవాడు కాదు, ఉపాసం పడుకునేవాడు. ఆ సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది, వెంటనే మరిచిపోయాను. పైన దూలం చూసుకోవడంలో ఉన్నాను మరి.

ఒక లోపం కనబడితే హమ్మయ్య అనుకునేదాన్ని, ధర తక్కువ ఎందుకో తెలిసిపోయిందని. మరుక్షణమే ఈ ఇల్లు నా చేయి జారిపోతుందని భయపడేదాన్ని. ఇల్లు కూలుతుందని ఒక భయం, ఇల్లు దక్కదని ఒక భయం. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకే తెలియదు గానీ ఉన్నాయి. బయటికి వస్తూ తలుపు దగ్గర ఆగాను. ఆ ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. ముసలావిడ అడగలేదు. "మళ్ళ రా బిడ్డా, ఇంటోళ్ళను తీస్కొని రా," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడే మనసులో కొనేసుకున్నాను.

మా ఆయనకు ఫోన్ చేస్తే, "నీకు మంచిగనిపిస్తే నాకు గూడ మంచిదే. గని బాపుకు చూపియ్యి, పాత ఇండ్ల సంగతి పెద్దోళ్ళకు ఎర్కుంటది," అన్నాడు.

బాపును స్కూటీ వెనక కూర్చోబెట్టుకొని తీసుకెళ్ళాను. ముసలావిడ ఆ రోజు సామాన్లు సర్దుకుంటోంది. మంచం గోడకు నిలబెట్టి ఉంది. బ్రోకర్ ముందే వచ్చి సాయమానులో ఫోన్ చూసుకుంటున్నాడు. నేను చెప్పులు విడిచి లోపలికి నడిచాను. వెనక్కి చూస్తే బాపు గడప అవతలే ఉన్నాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రా బాపూ."

"చూస్తున్న గద బిడ్డా, ఈడికెల్లి అన్నీ కనబడ్తున్నయ్."

"లోపల్కి రా నాయినా," అని ముసలావిడ కూడా పిలిచింది.

"ఉండనియ్ పటేలమ్మా," అన్నాడు బాపు, కొంచెం వంగి.

ఆ వంగడం చూసి నాకు నెత్తురు తలకెక్కింది. చిన్నప్పుడు ఊళ్ళో పటేళ్ళ వాకిట్లో ఆయన అట్లాగే నిలబడడం నేను చూశాను. చేతిలో తువ్వాల, కొంచెం వంగిన నడుము, గడప అవతల. మేం కొనడానికి వచ్చిన ఇంటి ముందు కూడా అట్లాగే నిలబడతాడా? నేను జీతం తెచ్చుకొని, బ్యాంకుకు పోయి, ఇంత దూరం వచ్చింది ఈ గడప బయట నిలబడడానికా? బ్రోకర్ కూడా చూశాడు. ఆయన పెదాల మీద చిన్న నవ్వు కనబడింది నాకు. నిజంగా నవ్వాడో, నాకు అట్లా కనబడిందో.

"ఇంక ఎన్నొద్దులు కడప బయటనే నిలబడ్తవు బాపూ?" అన్నాను, అందరికీ వినబడేలా. విసురుగా మధ్య అర్రలోకి వెళ్ళిపోయాను.

మంచం లేకపోవడంతో అర్ర పెద్దగా కనబడింది. నేల అంతా తాండూరు బండలు పరిచి ఉన్నాయి, నడుమ మాత్రం ఒకే ఒక్క నల్లబండ. చదరంగా, పీటకంటే పెద్దగా. తులసికోట ఉండి తీసేశారేమో అనుకున్నాను, ఇంటి లోపల తులసికోట ఎందుకుంటుందని ఆలోచించలేదు. సరిగ్గా దాని మీద నిలబడి తల పైకెత్తి దూలం చూస్తున్నాను.

"ఉన్నవా?" అని గడప దగ్గర నుంచి కేక.

నేను పలకలేదు. కోపం. అందరి ముందు అక్కడ వంగి నిలబడిన మనిషికి ఇక్కడి నుంచి హాజరు చెప్పాలా?

"బిడ్డా, ఉన్నవా?"

పలకలేదు.

మూడోసారి పిలిచినప్పుడు ఆ గొంతు మా బాపుది కాదు. సన్నగా, పగిలిపోయినట్టు వచ్చింది. దానిలో నన్ను పిలుస్తున్నట్టు లేదు. ఆ వెంటనే సాయమానులో ఏదో కింద పడిన చప్పుడు. తిరిగేలోగా బాపు లోపల ఉన్నాడు. ఆయన అట్లా ఉరకడం నేను ఎన్నడూ చూడలేదు. నా మోచేయి పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. గోడకు తగిలాను, గాజు పగిలి చేతికి గుచ్చుకుంది. ఆగలేదు, సాయమాను దాటించి, వాకిలి దాటించి, సందులోకి లాక్కొచ్చి పడేశాడు. అక్కడ మోరి గట్టు మీద కూలబడి వణకడం మొదలుపెట్టాడు. పళ్ళు టకటకమంటున్నాయి. నేను ఆయన భుజాలు పట్టుకున్నాను.

"పలుకవేందే? పలుకవేందే బిడ్డా?" అని అదే మాట.

కొంతసేపటికి నీళ్ళు తాగి చెప్పాడు. "నువ్వు నిలబడ్డది పాతర మూతి మీద."

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. జొన్నలు దాచుకోవడానికి భూమిలో తవ్విన గొయ్యి అది. మూతి దగ్గర మనిషి దిగేంత సన్నం, లోపలికి పోయిన కొద్దీ వెడల్పు. చుట్టూ గడ్డి పేర్చి, గింజలు నింపి, పైన బండ వేసి మట్టితో మెత్తేవాళ్ళు. ఏళ్ళ తరబడి గింజలు ఉండేవి. భూములున్నవాళ్ళ ఇళ్ళల్లోనే ఉండేవి పాతరలు. వాటిలోకి దిగేవాళ్ళు మావాళ్ళు.

బ్రోకర్ బయటికి వచ్చి, "గసోంటిదేం లేదు పెద్దాయినా, ఉత్త బండ అది," అన్నాడు. ముసలావిడ మాత్రం గడప దగ్గర నిలబడి నిజమే చెప్పింది. "ఉన్నది బిడ్డా. మా మామ ఉన్నప్పటిది. పూడిపిచ్చినమనే చెప్పిండు మా ఆయన. నేను కండ్ల చూడలె." ఆమె ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళూ దాని మీదే మంచం వేసుకొని పడుకుందామె.

ఇంటికి వచ్చాక బాపు అన్నం ముట్టలేదు. నేను చేతికి పసుపు పెట్టుకుంటూ ఎదురుగా కూర్చున్నాను. అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం దాకా మా బాపుకు ఒక అన్న ఉండేవాడన్న సంగతి నాకు తెలియదు.

ఇద్దరూ పటేల్ దగ్గర జీతం ఉండేవాళ్ళట. ఊళ్ళో గింజలు కరువైన వానకాలంలో పాతర తీసేవాళ్ళు. బండ జరిపి ఒక రోజంతా వదిలేయాలి. ఆ తరువాత తాడు కట్టి దీపం దించి చూడాలి. దీపం కిందిదాకా వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి, ఆరిపోతే లోపల గాలి పాడైనట్టు. దిగినవాడు గంపలు నింపుతుంటే పైనున్నవాడు చేదుతాడు. చీకట్లో ఉన్నవాడు కనబడడు కాబట్టి పైనున్నవాడు "ఉన్నవా?" అని అడుగుతూ ఉండాలి. కింద ఉన్నవాడు "ఉన్న" అంటూ ఉండాలి. అదీ పద్ధతి. మా పెదనాయన దిగేవాడు, బాపు పైన ఉండేవాడు.

"అన్న మస్తు నకరాలు జేస్తుండె," అన్నాడు బాపు. "కావాల్నని పలుకకుంట ఉంటుండె. నేను లొల్లి జేస్తె కిందికెల్లి నవ్వుతుండె."

ఆ రోజు బండ్లు కట్టి ఉన్నాయి, పటేల్ తొందర చేశాడు. పొద్దున బండ జరిపారు, మధ్యాహ్నానికే దిగమన్నారు. దీపం ఎవరూ దించలేదు. మొదటి గంప వచ్చింది. రెండోది వచ్చింది. "ఉన్నవా?" అంటే "ఉన్న" అన్నాడు, కొంచెం ఆలస్యంగా. ఆ తరువాత పలకలేదు.

"నకరాలే అనుకున్న బిడ్డా. నేను గూడ నవ్విన. చాలుగని పలుకు అన్నోయ్ అన్న. బీడి ముట్టిచ్చుకున్న. బీడి ముట్టిచ్చుకున్న నేను." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "తాడు గుంజిన. తాడు గంపకుండె, మనిషికి లేకుండె," అన్నాడు.

నేను లేచి ఆయన పక్కన కూర్చున్నాను. ఏడవడానికి కూడా భయమేసింది, ఏడిస్తే ఆయన ఆపేస్తాడేమోనని. స్నానాల గది తలుపు అవతలి నుంచి, బియ్యం డబ్బా దగ్గర నుంచి, నేను విసుక్కుంటూ చెప్పిన "ఉన్న"లన్నీ ఆ సాయంత్రం ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి.

"గా కడప కాడ నిలబడ్డది పాతర చూసేనా బాపూ?" అని అడిగాను.

అబద్ధం చెప్పలేదు. "గది గూడ ఉండె. పాత అలవాటు గూడ ఉండె," అన్నాడు.

ఆ ఇల్లు వద్దనుకున్నాను. తేలికపడతాననుకున్నాను గానీ పడలేదు. మళ్ళీ కిరాయి ఇళ్ళ గడపలు కళ్ళ ముందు కదిలాయి. బ్రోకర్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పబోతుంటే బాపు చేయి అడ్డం పెట్టాడు.

"వాళ్ళు పూడ్సిండ్రో లేదో చూడాలె."

"మనకెందుకు బాపూ? మనం కొంటలేము గద."

"మనం కొనకుంటె ఇంకొకడు కొంటడు. ఏందో చూద్దామని ఎవన్నో కూలోన్ని దింపుతడు," అన్నాడు. చేయి ఫోన్ మీది నుంచి తీయలేదు.

ముసలావిడ ఒప్పుకుంది. ఆమెకూ నిద్ర పట్టడం లేదట. ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు వచ్చి గడ్డపారలతో నల్లబండ చుట్టూ గచ్చు పగలగొట్టి, బండను పక్కకు జరిపారు. బాపు అందరినీ సాయమానులోకి పంపేసి, ఆ రోజుకు ఇంట్లో ఎవరూ ఉండొద్దన్నాడు. ముసలావిడను పొరుగింట్లో పడుకోమన్నాం. బడిలో ఆ పూట నేను పాఠం చెప్పలేదు. హాజరు మాత్రం వేశాను. ఒక పిల్ల పలకకపోతే లేచి వెళ్ళి బెంచీ కింద చూశాను. పెన్సిలు వెతుక్కుంటోంది.

మర్నాడు వెళ్ళాం. బండల మధ్యలో నల్లగా మూతి. మగ్గిన గింజల వాసన ఇల్లంతా నిండింది. పూడ్చారా లేదా చూడడానికి పైనుంచి టార్చి వేస్తే వెలుగు చాలా కిందికి పోయింది. పూడ్చలేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంటి కడుపు ఖాళీగానే ఉంది. నిన్నగాక మొన్న నేను దాని మీద నిలబడి తల పైకెత్తి, ఇల్లు పైనుంచి కూలుతుందేమోనని చూస్తున్నాను.

బాపు కందిలి అడిగాడు. ముసలావిడ అటక మీది నుంచి తెచ్చి ఇచ్చింది. చిమ్నీ తీసేసి, వత్తి వెలిగించి, తాడు కట్టి ఆయనే దించాడు. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. వెలుగు గోడల మీద జారుతూ దిగింది, పాత గడ్డి కనబడింది. మనిషి లోతు దాటిందో లేదో, మంట సన్నబడింది. నీలంగా అయింది. ఆరిపోయింది. గాలి వీచినట్టు ఆరలేదు, ఎవరో మెల్లగా వత్తి తగ్గించినట్టు ఆరింది. ముసలావిడ దండం పెట్టుకుంది. నాకు యేసయ్య పేరు కూడా నోట్లోంచి రాలేదు.

కూలీల్లో పడుచువాడు ఒకడు చొక్కా విప్పుతూ, "నూనె అయిపోయిందేమో పెద్దాయినా. నేను దిగి జెర్రున చూసొస్త, గంతల ఏమైతది," అని నవ్వాడు.

బాపు తాడు వదిలేసి వాడి కాళ్ళు పట్టుకున్నాడు. నిజంగానే రెండు చేతులా కాళ్ళు చుట్టేసి పట్టుకున్నాడు. వాడు బెదిరిపోయి, "దిగ తాతా, దిగ, ఇడువు," అన్నాడు. వదలలేదు. మేస్త్రీ వాడిని బయటికి పంపించిన తరువాతే వదిలాడు.

ఆ తరువాత బాపు మోకాళ్ళ మీద ఆ మూతి దగ్గరికి జరిగాడు. నేను ఆయన అంగీ వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాను. ఆయన వంగి, ఇంట్లో నన్ను పిలిచే గొంతుతోనే, మెల్లగా, "అన్నా, ఉన్నవా?" అన్నాడు.

అది వేరే ఊరు, వేరే పాతర. అయినా ఆయన చెవి పెట్టి ఆగాడు. "ఉన్న" అని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ జవాబు నాది కాదు. అంగీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను, అంతే.

కాసేపటికి లేచి మోకాళ్ళు దులుపుకొని, "కొను బిడ్డా," అన్నాడు. "గని పూడుద్దాం. పైకెల్లి పొయ్యాలె, ఎవ్వడు దిగొద్దు. నా కండ్ల ముంగట పూడాలె."

సందులోకి ట్రాక్టర్ రాదు. సందు మొదట్లో మొరం పోయించి గంపలతో మోయించాం. మొరం అడుగుకు పడుతుంటే మొదట్లో చప్పుడు ఎక్కడో దూరంగా వినబడింది. రోజులు గడిచిన కొద్దీ చప్పుడు దగ్గరికి వచ్చింది. బాపు స్టూలు వేసుకొని అక్కడే కూర్చున్నాడు. గంప బోర్లించే ప్రతి మనిషి నడుముకూ తాడు కట్టి, కొస దూలానికి కట్టించాడు. కూలీలు నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాడు. మూతిదాకా నిండిన తరువాత దిమ్మిసతో గుద్దించి, నీళ్ళు పోయించి, మళ్ళీ గుద్దించి, అప్పుడు రిజిస్ట్రేషన్‌కు పోదాం పద అన్నాడు.

మేం ఆ ఇంట్లోకి మారిన మొదటి వానకాలం ఆ మన్ను కుంగింది. పొద్దున లేచి చూస్తే బండ ఒక పక్కకు ఒరిగి ఉంది. నేను పిల్లను ఎత్తుకొని బయటికి ఉరికాను, ఎత్తుకునే వయసు దాటిన పిల్లను. మళ్ళీ మొరం, మళ్ళీ దిమ్మిస. ఇప్పుడు గట్టిపడింది. గట్టిపడిందని మేస్త్రీ అంటాడు, మా ఆయన అంటాడు. నేను మాత్రం ఆ అర్ర దాటేటప్పుడు గోడ వెంట నడుస్తాను. ఉబ్బిన గోడను కట్టించాం, కారే మూలకు పెంకు మార్పించాం, కప్పు కింద నాకిప్పుడు నిశ్చింతగానే ఉంటుంది. ఈ ఇంట్లోకి వచ్చాక నా చూపు కిందికి దిగింది. బాపు తన మంచం ఆ నల్లబండ మీదే వేసుకున్నాడు. కిటికీ లేదు, గాలి ఆడదు, సాయమానులో పడుకోమంటే వినడు. దాని మీద ఎవరి అడుగూ పడకూడదు, అదీ ఆయన లెక్క.

ఈ మధ్య బాపుకు చెవులు మందగించాయి. మేం పలికినా వినబడదు కాబట్టి అడగడమే మానేశాడు. ఇంట్లో ఆ కేక లేకుండా పోయింది. ఒకప్పుడు నాకు ఒళ్ళు మంటగా ఉన్న మాట, ఇప్పుడు లేకపోతే ఊపిరి ఆడదు. మొన్న పొయ్యి దగ్గర జొన్న రొట్టె చేస్తున్నాను. మధ్య అర్రలోంచి ఏ అలికిడీ లేదు. దగ్గు లేదు, మంచం కిర్రుమన్న చప్పుడు లేదు.

"బాపూ, ఉన్నవా?" అన్నాను.

జవాబు లేదు. వినబడలేదని తెలుసు. తెలిసి కూడా మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు నా గొంతు సన్నగా, పగిలిపోయినట్టు వచ్చింది. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. పెనం మీద రొట్టెను అట్లాగే వదిలేసి, పిండి చేతులతోనే ఉరికాను. గోడ వెంట నడవాలన్న సంగతి కూడా గుర్తులేదు.

బాపు మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. తల ఎత్తి నా ముఖం చూశాడు. నేనేం అడిగానో ఆయన వినలేదు. ముఖం చూసి తెలుసుకున్నాడు. వంటింట్లో రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. ఆయన చేతిలోని కాయలు పక్కన పెట్టి, పక్కన జాగా చూపించాడు.

"ఉన్న బిడ్డా," అన్నాడు. "ఉన్న, యాడికి పోత."